వెలగపండు అడిగిన మాట

తెల్లారితే వాగుకు ఇవతలి గట్టు జట్టుకీ అవతలి గట్టు జట్టుకీ వెలగపండుతో బంతాట. ఇటు విసిరేది కోతి, అటు విసిరేది కొండముచ్చు.

"మా కోతి విసిరిందంటే పండు మబ్బుల్ని తాకి రావాల్సిందే!" అంది కాకి.

"తాకితే ఏం లాభం? గురంటే మా కొండముచ్చుదే!" అంది అవతలి గట్టు గోరింక.

పొద్దుటి నుంచీ ఇదే గోల. చివరికి ఆ పండునే తీర్పు చెప్పమన్నాయి.

"ఇద్దరూ బాగానే విసురుతారు. కింద పడితే పగిలేది నేను కదా! ఇంతకీ నన్ను పట్టుకునేదెవరు?" అంది వెలగపండు.

కాకి గోరింక వైపు చూసింది. గోరింక ఆకాశం వైపు చూసింది.

పొదలోంచి ముంగిస తల బయటపెట్టింది. "ఇన్నాళ్లూ ఇటువైపు పట్టింది నేనేనండీ."

"అలాగా!" అంది కాకి. "నువ్వూ మన జట్టేనా?"