చప్పుడు లేని కరెంటు

లైటు వెలిగింది. జాన్ బాషా ఇలా పెళ్లాం చెయ్యి పట్టుకున్నాడో లేదో, నజీరా మళ్లీ విల్లులా వంగిపోయింది.

"ఆర్పండి సిస్టరమ్మా! ఆ దిక్కుమాలిన లైటు ఆర్పండి!"

"ఆర్పితే సెలైన్ గొట్టంలోకి మందెట్టా ఎక్కించను? నాకేమన్నా పిల్లి కళ్లున్నాయా?" నర్సు కోటిరత్నం విసుక్కుంది. ఆ విసుగు పైపైనే.

ధనుర్వాతం. మిరపకోతకి వెళ్లిన మనిషికి దారిలో పత్తిచేలో మోడు కాల్లో దిగింది. ఇప్పుడు దవడ బిగుసుకుపోయి మాట లేదు, గుక్కెడు నీళ్లు దిగవు. కిటికీలకి నల్లగుడ్డలు కట్టిన ఆ గదిలో లైటు వేస్తే చాలు, ఇదే వరస. ఇంకో రెండుసార్లు ఇలా బిగుసుకుంటే ఊపిరి అందదని డాక్టరు చెప్పి వెళ్లాడు.

బాషా సత్తెనపల్లిలో రేడియో మెకానిక్కు. ఏడుస్తూ కూర్చునే రకం కాదు, ఏడుస్తూనే పని చేసే రకం. రంగుల టీవీ రిమోట్ ఒకటి సంపాదించి, దాంతో బల్బుని తెల్లవారినట్టు మెల్లగా వెలిగించే పెట్టె తయారుచేస్తున్నాడు. అంతా కుదిరింది. ఆ పెట్టెకి కరెంటు ఎలా ఇవ్వాలన్న దగ్గరే ఆగిపోయింది.

అతనికి పని నేర్పిన హుస్సేన్ సాహెబ్ ఆసుపత్రి వరండాలో సామాను సంచీ దించాడు.

"ట్రాన్స్‌ఫార్మర్ పెట్టరా. ఓల్టేజి ఎటు పోయినా తట్టుకుంటది."

"జుమ్మంటది సాహెబ్ గారూ. ఈగ వాలినా ఓర్చుకోలేని మనిషి పక్కన జుమ్మంటే ఇంకేమన్నా ఉందా?"

"పోనీ, టార్చి సెల్లులు?"

"రిమోట్ ఎప్పుడు నొక్కుతారోనని పెట్టె రాత్రింబగళ్లు మేలుకునే ఉండాలి. మధ్యలో సెల్లులు చచ్చాయంటే?"

"మరేం చేస్తావురా?"

"ట్రాన్స్‌ఫార్మర్ బదులు చిన్న కెపాసిటర్ వేసి, గోడ ప్లగ్గులోంచే నేరుగా లాగుతా. చప్పుడుండదు."

హుస్సేన్ సాహెబ్ గొంతు పెరిగింది. "పిచ్చి వేషాలెయ్యమాక! సాయంత్రం పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారి ఆగితే ఓల్టేజి ఎగిరిద్ది. లోపలి సరుకు మాడిపోయి బల్బు ఫుల్లుగా వెలిగి కూర్చుంటది. ఆ పిల్లని చేతులారా చంపుకుంటావురా!"

బాషా ట్రాన్స్‌ఫార్మర్‌ని ప్లగ్గులో పెట్టి చెవికి ఆనించుకున్నాడు. సన్నటి రొద. ఆ రొదకే నజీరా ఒళ్లు మెలి తిరుగుతున్నట్టు అనిపించి, దాన్ని పీకి పక్కన పడేశాడు. కెపాసిటర్ చేతిలోకి తీసుకున్నాడు.

మునిమాపుకి మళ్లీ మందు వేళయింది. చడీచప్పుడు లేకుండా పెట్టెని బల్బు కింద బిగించి, రిమోట్ కోటిరత్నం చేతికిచ్చాడు.

"మీట నొక్కి పట్టుకోండి సిస్టరమ్మా, అంతే. నేను వరండాలో మెయిన్ స్విచ్చి దగ్గరుంటా. ఓల్టేజి ఎగిరిందంటే లాగేస్తా."

తలుపు మూసుకుంది. కాసేపటికి తలుపు కింద సందులో ఎర్రటి గీత కనబడింది. మెల్లగా పసుపురంగుకి తిరిగింది. లోపల ఏ అలికిడీ లేదు. బాషాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అప్పుడే పొలాల్లో మోటార్లు ఆగాయి. వరండా లైట్లు భగ్గుమన్నాయి. తలుపు సందులోంచి తెల్లటి వెలుగు నేలంతా పరుచుకుంది. పెట్టె మాడిపోయింది.

మెయిన్ లాగాల్సిన చెయ్యి లేవలేదు. లాగి మాత్రం ఇంకేం లాభం? ఫుల్లు లైటు నజీరా మొహాన పడనే పడింది. బాషా గోడకి జారగిలబడి, నోట్లో తువ్వాలు కుక్కుకుని కుమిలిపోయాడు. పెద్దాయన మాట వినకుండా పెళ్లాన్ని చంపుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. కోటిరత్నం బయటికి వచ్చింది.

"పోయిందా అమ్మా?"

"అవేం మాటలయ్యా? మందంతా ఎక్కించా. వేలు కూడా కదపలేదు."

బాషా తలుపు సందులోంచి చూశాడు. పట్టపగలు లాంటి వెలుగులో నజీరా ప్రశాంతంగా నిద్రపోతోంది.

"అంత లైటు పడ్డా బిగుసుకోలేదా? మరి ఇన్నాళ్లూ ఎందుకమ్మా అట్టా అయింది?"

కోటిరత్నం అతని వంక జాలిగా చూసింది.

"ఇన్నాళ్లూ లైటు వెయ్యగానే ఉరికొచ్చి ఆమె చెయ్యి పట్టుకునేవాడివి బాషా. ఇయ్యాల నువ్వు బయటున్నావు."