పై వాటా టీవీ

గడియారాలాయన బూజుకర్ర తిరగేసి పైకప్పుకేసి ధనధనా కొట్టాడు.

పైన మాటలు టక్కున ఆగిపోయాయి.

“చెబితే వినరు, కొడితేనే వింటారు” అన్నాడు.

“పెచ్చులూడి నెత్తిన పడతాయి, చూసుకోండి” అంది భార్య.

ఆయన ఇంట్లోనే గోడ గడియారాలు బాగుచేస్తాడు. టిక్కుటిక్కు సరిగా పడుతోందో లేదో చెవి ఆనించి వినాలి. ఈమధ్యే పై వాటాలోకి ఒంటరి ఆడమనిషి అద్దెకు దిగింది. దిగిన మర్నాటినుంచీ సాయంత్రమైతే చాలు, పైన ఒక ఆడపిల్ల కిసుక్కున నవ్వడం, ఒక కుర్రాడు నసగడం, ఒక బామ్మ ఇద్దర్నీ కలిపి దులిపెయ్యడం. పోనీ ఒక్కసారితో తీరిపోతుందా? అదే మాట మళ్లీ మళ్లీ.

“టీవీలో సీరియల్ వెనక్కి తిప్పి తిప్పి చూస్తోంది. పనీపాటా ఉంటేగా” అని పళ్లు నూరాడు.

“ఇక్కడ కూర్చుని నూరితే ఏం లాభం? వెళ్లి చెప్పి రండి.”

వెళ్లాడు. తలుపు దబదబా బాదాడు.

ఆవిడ తలుపు తీసింది. మెడకు మఫ్లరు, చేతిలో వేడినీళ్ల గ్లాసు.

“ఏమ్మా, ఇది ఇల్లా, సంతా? కింద మనుషులున్నారని తెలీదా?”

“పని ఉండి...” అంది. ఆ గొంతు గడప కూడా దాటలేదు.

“సీరియళ్లు చూడటం కూడా పనేనా? నోరు తెరిస్తే మాట వినపడదు, టీవీ మాత్రం వీధి చివరిదాకా వినపడాలి.”

ఆవిడ మొహం కందిపోయింది. ఏదో చెప్పబోయింది. ఈయన ఆగితేగా, దడదడా మెట్లు దిగి వచ్చేశాడు. ఒక్క నిమిషం నిలబడి వింటే ఆయన సొమ్మేం పోయేదో.

ఆదివారం కూతురు వచ్చింది. పైనుంచి వస్తున్న మాటలకి చెవులు రిక్కించింది.

“అరె, ఇది ఆ అనిమే కదూ. జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్ నాన్నా. ప్రేమ, కామెడీ. మా ఆఫీసులో అందరిదీ ఇదే గోల. మన భాషలోకి కూడా వచ్చేసిందన్నమాట.”

“బొమ్మలకి ప్రేమేంటి, మన ఖర్మ కాకపోతే.”

“కథ విను ముందు. ఇద్దరూ రోజూ ఒకే బస్సులో పక్కపక్కనే కూర్చుంటారు. ఇష్టమే. కానీ ఎదుటివాళ్లే ముందు చెప్పాలని ఇద్దరికీ పంతం. ఎవరికి వాళ్లు వచ్చి ఆ పిల్ల బామ్మ దగ్గర మొరపెట్టుకుంటారు.”

“తిన్నది అరక్క” అన్నాడు.

అన్నాడే గానీ, మర్నాడు ఆ కుర్రాడు బామ్మ దగ్గర తడబడుతుంటే ఈయన చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

“ప్రేమిస్తున్నానని నాతో చెబుతావేంట్రా, నేను ఒప్పేసుకుంటే ఏం చేస్తావు?” అంది బామ్మ.

ఫక్కున నవ్వేశాడు.

భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. “ఏమైంది?”

“దగ్గు.”

బాగుంది. అదే ఆయన ఒళ్లు మండించింది. ముష్టి బొమ్మల కథ ఇంత బాగుండటమేంటి? ఆ పిల్ల అలిగితే ఇంట్లో పిల్ల అలిగినట్టే ఉంది. సాయంత్రమయ్యేసరికి కుర్చీ గది మధ్యకి జరుపుకునేవాడు. భార్య చూస్తే ఓ గడియారం చెవి దగ్గర పెట్టుకునేవాడు. పైకెళ్లి “బాగుందమ్మా” అని ఒక్క ముక్క అనడానికి మాత్రం ఆ పెద్దమనిషికి నోరు రాలేదు.

ఒకరోజు కథ అసలు చోటికొచ్చింది. కుర్రాడు గట్టిగా ఊపిరి పీల్చాడు.

“ఇవాళ నేనే ముందు చెప్పేస్తాను. నువ్వంటే నాకు...”

ఆగిపోయింది.

మళ్లీ మొదటినుంచి. “నువ్వంటే నాకు...”

మళ్లీ, కాస్త మెల్లగా. మళ్లీ, కాస్త వణుకుతూ.

“ముందుకు పోనీ తల్లీ” అని గొణిగాడు.

పోలేదు. మర్నాడూ అదే ముక్క. ఆ మర్నాడూ అంతే.

“కావాలనే చేస్తోంది. నేను వింటున్నానని పసిగట్టి ఉడికిస్తోంది.”

“మీరు వింటున్నారా?” అంది భార్య.

దొరికిపోయాడు. దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం అంతా ఇంతా కాదు. ఇంటి ఓనరుకి ఫోన్ చేశాడు.

“ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి. తేల్చుకోండి.”

ఓనరు తేల్చుకున్నాడు. ఏళ్లుగా ఉన్నవాణ్ని ఎవడు వదులుకుంటాడు? వారం తిరక్కుండా ఆవిడ ఖాళీ చేసింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “మిమ్మల్ని చాలా ఇబ్బంది పెట్టానండీ” అంది. ఈయన తల కూడా ఎత్తలేదు.

ఇల్లు నిశ్శబ్దమైపోయింది. కోరుకున్నదే కదా, హాయిగా ఉండొచ్చుగా? ఉండలేకపోయాడు. ఆ కుర్రాడు చెప్పాడా లేదా? ఎవర్నడగాలి?

కొన్నాళ్లకి కూతురొస్తే సిగ్గు విడిచి అడిగాడు. “ఆ బస్సు కథ నీ ఫోన్లో వస్తుందా?”

“మన భాషలో నిన్ననే పెట్టారు నాన్నా. ఇదిగో.”

కాసేపు చూసి ఫోన్ విసిరినంత పని చేశాడు.

“ఇది కాదు. ఆ పిల్ల ఇలా నవ్వదు. ఈ బామ్మేంటి, పాఠం అప్పజెబుతోంది? అసలుది పెట్టు.”

“ఉన్నది ఇదొక్కటే నాన్నా.”

“నాకు చెప్పకు. నేను విన్నాను.”

చరచరా పైకెళ్లాడు. ఓనరు పై వాటాకి వెల్ల వేయిస్తున్నాడు.

“ఆవిడ నంబరుందా? టీవీలో ఏ చానల్ చూసేదో అడగాలి. అసలు సీరియల్ అందులో వచ్చేది.”

ఓనరు వింతగా చూశాడు.

“టీవీ ఎక్కడిదండీ? ఆవిడ డబ్బింగ్ చెప్పే మనిషట, ఖాళీ చేసేటప్పుడు చెప్పింది. ఏదో బొమ్మల సీరియల్‌కి గొంతులు ఎంచుతున్నారని, ఏ పాత్ర ఇచ్చినా చెప్పేలా అన్నీ ఇంట్లో సాధన చేసుకునేదట. ఆ గొంతు పరీక్ష రోజే ఇల్లు మారాల్సొచ్చి వెళ్లలేకపోయింది పాపం. మీ నెత్తిన మోగిన ఆ గొంతులన్నీ ఆవిడ ఒక్కదానివే.”