శేషం లేకుండా

ఇళ్లకు తాళంచెవులు పోయి చాలా కాలమైంది. ప్రతి తలుపు మీదా వంద అంకెల సంఖ్య ఒకటి వెలుగుతుంటుంది. ఒకటి కాకుండా, దాన్ని శేషం లేకుండా భాగించే, దానికన్నా చిన్న సంఖ్య ఏదైనా పలికితే తలుపు తెరుచుకుంటుంది.

లెక్కల లెక్చరర్ వసుంధర భర్త పోయిన నెలకే, ఆమె మరిది ఫణీంద్ర వాళ్లు కాపురమున్న ఫ్లాటు తలుపుకు తన సంఖ్య పెట్టించి, ఆమె సామాను వరండాలో పడేశాడు.

"మా అన్న కొన్న ఇల్లు వదినా. నీకేం హక్కు?" అన్నాడు.

అతనికి సంఖ్యాశాస్త్రం పిచ్చి. అంకెలన్నీ కూడితే చివరికి తొమ్మిదే రావాలని పట్టుబట్టి ఆ సంఖ్య చేయించుకున్నాడు. వసుంధర వరండాలో నిలబడే అంకెలు కూడింది. తొమ్మిదే వచ్చింది. అలాంటి సంఖ్య ఎంత పెద్దదైనా తొమ్మిదితో భాగించబడి తీరుతుంది.

అతను ఆఫీసుకు వెళ్లేదాకా ఆగి, "తొమ్మిది" అంది. తలుపు తెరుచుకుంది.

సాయంత్రానికి ఫణీంద్ర పెట్టెలు వరండాలో ఉన్నాయి. తలుపు మీద కొత్త సంఖ్య ఉంది.

"రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించి పెట్టాను ఫణీ. వెతుక్కో. నీ ఆయుష్షు చాలదు," అంది వసుంధర లోపలినుంచి.

"తప్పయిపోయింది వదినా, తలుపు తియ్యి!"

ఆమె తియ్యలేదు. కాసేపటికి అతను "మూడు... ఏడు... పదకొండు..." అని మొదలుపెట్టాడు. పోనుపోను గొంతు సన్నబడుతోంది. అది బాగా వినపడాలని వసుంధర కుర్చీని తలుపు దగ్గరికి జరుపుకుంది.