పొగబెట్టిన మనిషి

"సంచి ముందు ఈడ పెట్టు. చెప్పులు ఆడ విడువు," అన్నాడు సుందరరావు.

వచ్చిన మనిషి సంచి బల్ల మీద పెట్టాడు. సుందరరావు దాన్ని విప్పి ఒక్కొక్కటే తీశాడు. స్క్రూడ్రైవరు, మసిగుడ్డ, ఒక అగర్‌బత్తి కట్ట.

"టెస్టింగ్‌కొచ్చినవా, పూజకొచ్చినవా?"

"పొగ పెడితేనే గద సార్, గంట మోగుతదో లేదో తెలిసేది."

అశోక్‌నగర్‌లోని ఆ మేడలో కింద బట్టల దుకాణాలు, పైన ఆడపిల్లల హాస్టల్. సుందరరావు అక్కడ మేనేజరు. కిందటి నెల ఒక దుకాణంలో వైర్లు అంటుకుని పొగ పైకి కమ్మింది. పొగ వస్తే మోగాల్సిన గంట మోగలేదు. కరెంటు పోతే వెలగాల్సిన మెట్ల మీది బ్యాటరీ లైట్లూ వెలగలేదు. చీకట్లో దిగుతూ రాగిణి అనే అమ్మాయి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ గంటనీ లైట్లనీ అంతకుముందు పరీక్ష చేసింది సుందరరావు బామ్మర్ది. నారాయణగూడలో రేడియోలు బాగు చేసేవాడు.

యజమానురాలు మనోరమకు ఆ సంగతి తెలిసింది. హైదర్‌గూడ నుంచి ఎప్పుడో ఒకసారి ఆటోలో వచ్చిపోయే మనిషి, ఆ రోజు పరుగున వచ్చింది. ఇక మీద ఈ పని నేర్చుకుని లైసెన్సు తెచ్చుకున్నవాడే వాటిని ముట్టాలని చెప్పింది. మళ్లీ ఎవరినో పట్టుకొచ్చి చేయిస్తే సుందరరావు కూడా వేరే పని చూసుకోవచ్చని, పిల్లల ముందే అంది.

అందుకే సుందరరావు కోఠిలో ఒక కంపెనీకి ఫోన్ చేశాడు. సోమవారం మనిషిని పంపుతామన్నారు. ఆ మాట మనోరమకూ చెప్పాడు. ఇతను మాత్రం శనివారమే వచ్చి నిలబడ్డాడు. పేరు ఈదయ్యట.

రెండు రోజులు ముందెందుకు వచ్చావంటే, ఇటువైపే పని పడిందన్నాడు. ఎవరు పంపారంటే, మీరే ఫోన్ చేశారట కదా అన్నాడు. జవాబులు సరిగ్గానే ఉన్నాయి. అదే సుందరరావుకు నచ్చలేదు. ఫ్యాన్లు బాగు చేస్తానంటూ చిక్కడపల్లిలో ఒక ఇంట్లో దూరినవాడు ఆ ఫ్యాన్లనే విప్పుకుపోయాడని ఈ మధ్యనే విన్నాడు. వాడూ ఇట్లాగే నెమ్మదిగా మాట్లాడాడట.

"లైసెన్స్ ఏది?"

"బండ్ల ఉంది సార్. తేవాల్నా?" ఈదయ్య గుమ్మం వైపు తిరిగాడు.

సుందరరావు చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. దొంగ అయితే, ఇప్పుడు బయటికి పోయినవాడు మళ్లీ వస్తాడా?

"ఎటూ పోకు. ముందు నీది ఏ ఊరో చెప్పు."

"మక్తల్ దిక్కు సార్."

సుందరరావు చెయ్యి దించాడు. వాళ్ల అమ్మ పుట్టిల్లు మక్తలే. అయినా అంత తేలిగ్గా నమ్మదలుచుకోలేదు. మక్తల్‌లో ఏ వాడ, ఇంటిపేరేమిటి, తాత ఏం చేసేవాడు, అమ్మ ఏ ఊరి ఆడబిడ్డ అని వరసగా అడిగాడు. పోలీసులు కూడా అన్ని అడగరు. ఈదయ్య తడుముకోలేదు.

"ఎవరింటోడివి నువ్వు?"

"బావికాడి ఆశన్న చిన్నకొడుకును."

సుందరరావు కుర్చీలో కూర్చుని వెనక్కి వాలాడు. సెలవులకు పోయినప్పుడు తనను భుజాల మీద కూర్చోబెట్టుకుని జాతరంతా తిప్పినవాడు ఆ ఆశన్న.

"ముందే చెప్పొద్దానయ్యా," అంటూ సంచి సర్ది తన చేత్తోనే ఇచ్చాడు.

పై అంతస్తులో ఈదయ్య స్టూలెక్కి, పొగను పసిగట్టేందుకు కప్పుకు బిగించిన తెల్ల డబ్బా కింద అగర్‌బత్తులు వెలిగించి పట్టుకున్నాడు. సుందరరావు స్టూలు కదలకుండా పట్టుకున్నాడు. కాసేపటికి గంట మోగింది. గదుల్లోంచి పిల్లలు బయటికి వచ్చారు. అందరికంటే ముందు వచ్చింది రాగిణి. చేతికి ఇంకా పట్టీ ఉంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల తలుపు దగ్గరే చాప వేసుకుని పడుకుంటోంది.

తరువాత మెయిన్ స్విచ్ ఆపారు. మెట్ల మీద లైట్లన్నీ వెలిగాయి, ఒక్కటి తప్ప. ఈదయ్య దాన్ని అరచేత్తో రెండు సార్లు తట్టాడు. అదీ వెలిగింది.

"ఈయన ఈ పని నేర్చుకున్నోడేనా అంకుల్?" అని అడిగింది రాగిణి, ఆ లైటు వైపే చూస్తూ.

"అన్నీ అడిగిన బిడ్డా. నాకు తెల్వనోడు గాదు."

"రాత్రి లోపల మంచం మీద పడుకోవచ్చా మరి?"

"నిమ్మళంగ పడుకో. నాది పూచీ."

ఈదయ్య తల వంచుకుని అగర్‌బత్తులు నలిపి ఆర్పాడు.

కింద ఆఫీసులో సుందరరావు అతనికి చాయ్ తెప్పించి, మక్తల్‌లో ఎవరెవరు ఉన్నారో, ఎవరు పోయారో అడుగుతుండగా మనోరమ లోపలికి వచ్చింది. పట్టీ కట్టిన చెయ్యి పొదివి పట్టుకుని రాగిణి కూడా మెట్లు దిగి వచ్చింది. సుందరరావు లేచి నిలబడ్డాడు. ఎన్నడూ లేని ధీమాగా ఉన్నాడు.

"పని పక్కాగ అయింది మేడం. గంట మోగింది, లైట్లు వెలిగినయి."

"లైసెన్స్ చూసిండ్రా?"

"మేడం, ఈయన మా అమ్మోళ్ల ఊరోడు. ఆశన్న కొడుకు. తాతలకాడికెళ్లి అడిగిన, ఒక్కటి తప్పు జెప్పలే."

మనోరమ రాగిణి చేతి పట్టీ వైపు చూసింది. తరువాత చాయ్ తాగుతున్న మనిషి వైపు తిరిగింది.

"ఈదయ్యా, పోయి మన కొత్త కారు తియ్యి."