రాళ్ల క్లాసు

కాళ్లు కిటికీలోంచి బయటికి చాపి, టోపీ ముఖం మీద వేసుకుని, ఎఫ్రాయిన్ పికప్ ట్రక్కులో నిద్రపోతున్నాడు.

యెసేనియా తలుపు మీద దబదబా బాదింది.

“లే అన్నయ్యా! ఇవాళ కూడా క్లాసు ఎగ్గొట్టావా?”

“ఎగ్గొట్టలేదే పొట్టీ. మాస్టారే తొందరగా వదిలేశారు.”

“రోజూనా?”

“రాళ్ల గురించి ఎంతసేపని చెప్తారు? అవెక్కడికీ పోవుగా.”

టోపీ తీశాడు. ముఖమంతా చెమట. ట్రక్కులో ఏసీ ఎప్పుడో చచ్చింది. యూనివర్సిటీ పార్కింగులో ఉన్నది ఒకటే చెట్టు. పొద్దున ఆమె దిగిన చోట సాయంత్రం ట్రక్కు ఉండేది కాదు. నీడ ఎటు జరిగితే అటు జరిగి ఉండేది.

“ఇదిగో, నీ కోసం ఉంచా.” అమ్మ కట్టిచ్చిన బర్రీటో రొట్టెచుట్ట ఒకటి చెల్లెలి ఒళ్లో పడేసి బండి తీశాడు. “ఊఁ, ఇవాళేం చెప్పారు? మొదలుపెట్టు.”

దారి పొడవునా ఆమె చేత కెమిస్ట్రీ అప్పజెప్పించుకోవడం అతనికి అలవాటు. జులై వచ్చేసరికి ఆమె తడబడిన చోటల్లా అతనే అందించేవాడు. సొంత పుస్తకం మాత్రం సీటు వెనక పెట్టింది పెట్టినట్టే ఉండేది.

ఇద్దరూ సొంత ఊరు లాస్ బానోస్‌లో రెండేళ్ల కాలేజీ కలిసి చదివారు. నిజానికి ఎఫ్రాయిన్ ఎప్పుడో పూర్తిచేయాల్సింది. నాన్నకి నడుము పట్టేసినప్పుడు చదువు మానేసి బాదం తోటల్లో పనికి వెళ్లాడు. మళ్లీ చెల్లెలితో పాటే చేరాడు. మిగతా రెండేళ్ల చదువుకి ఇద్దరూ ఒకే యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకున్నారు.

ఏప్రిల్‌లో సీటు వచ్చిన కబురు ముందు యెసేనియా ఫోనుకి వచ్చింది. ఆమె పెట్టిన కేకకి అమ్మ చేతిలోంచి పెనం జారిపడింది. వేసవిలో అక్కడికి వెళ్లి ఒక కెమిస్ట్రీ కోర్సు గట్టెక్కితేనే సీటు ఖాయం.

నాన్న కుర్చీలోంచి లేవలేదు.

“కనుమ దాటి అంత దూరం దాన్నొక్కదాన్నీ పంపను. అన్నకీ వస్తే ఇద్దరూ కలిసి వెళ్లండి. రాకపోతే ఆ మాట ఇక్కడితో ఆపేయండి. వాడు తోట పని చూసుకుంటాడు, ఇది ఇల్లు చూసుకుంటుంది.”

అందరూ ఎఫ్రాయిన్ వైపు తిరిగారు. అతను ఫోను చూసుకున్నాడు. తలెత్తి చెల్లెల్ని ఒక్కసారి చూశాడు. పగలబడి నవ్వాడు.

“నాకూ వచ్చింది! నాకూ వేసవి క్లాసు తగిలించారు. రాళ్ల శాస్త్రమట!”

ఆ ఆదివారం ఇద్దరి పేర్లూ రాయించిన కేకుని అమ్మ చర్చికి వచ్చిన వాళ్లందరికీ పంచింది.

యెసేనియా క్లాసు గేటు పక్కనే. రాళ్ల శాస్త్రం భవనం ఎక్కడో గుట్ట మీద, యూకలిప్టస్ చెట్ల వెనక. ఆ ఎండలో అంత దూరం ఎక్కే పని ఆమెకి పడలేదు. ఆమెకి తన లెక్కలు తేలితే చాలు. ఒక్కరోజు క్లాసు పోయినా పాఠం అందదు. ఒక్కరోజు కూడా పోనివ్వలేదు ఎఫ్రాయిన్. జ్వరంలో కూడా బండి నడిపాడు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. ఆమెకి ‘ఎ’ గ్రేడ్ వచ్చింది.

“నీకో?”

“పోయింది.”

“పోయిందంటే?”

“తప్పానే. ఇంక నాకు సీటు లేదు.”

యెసేనియా సీట్లో అతని వైపు తిరిగింది. ఇంక ఆగలేదు.

“నిద్రపోయావు! వేసవంతా ఈ బండిలో నిద్రపోయావు! నాన్న చేతులు ఎలా ఉన్నాయో చూశావా నువ్వు? నీ సీటు ఇంకెవడికైనా ఇచ్చుంటే కళ్లకద్దుకుని చదువుకునేవాడు!”

ఎఫ్రాయిన్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

“అవునే. చదువుకునేవాడు.”

గేరు మార్చి బండిని కనుమ ఎక్కించాడు.

ఇంట్లో నాన్న అరవలేదు. చెయ్యి చాపాడంతే. ఎఫ్రాయిన్ అందులో ట్రక్కు తాళాలు పెట్టాడు.

“చెల్లిని చూసైనా నేర్చుకోరా. వేసవంతా అదే దారిలో వెళ్లొచ్చింది, గెలిచింది. దాన్ని హాస్టల్లో నేనే దింపుతా. ఇంక దానికెవరి తోడూ అక్కర్లేదు.”

“అక్కర్లేదు నాన్నా,” అన్నాడు ఎఫ్రాయిన్.

వారం తిరక్కుండానే నెవాడాలో గోదాము పనికి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు ఆమె గది తలుపు తట్టాడు.

“పొట్టీ, వెళ్తున్నా.”

ఆమె తలుపు తీయలేదు.

“నీళ్లు బాగా తాగు. అక్కడి ఎండ మామూలుది కాదు.”

అడుగుల చప్పుడు వాకిలి దాటిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం దగ్గర వాడి పేరెత్తనివ్వలేదు.

యూనివర్సిటీ తెరిచిన రోజు, క్లాసులు అయ్యాక యెసేనియా మొదటిసారి గుట్ట ఎక్కింది. కోపం ఎప్పుడో చల్లారింది. అన్నయ్య మాస్టారిని పట్టుకోవాలి, కాళ్లావేళ్లా పడాలి, ఇంకొక్క అవకాశం ఇప్పించుకోవాలి. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చింది.

రాళ్ల శాస్త్రం భవనం ముందు ఒక పెద్దాయన ఇనుప కంచె ఊడదీసి లారీలో వేస్తున్నాడు.

“మెట్ల పక్క గోడ ముట్టుకోకమ్మా, రంగు తడిగా ఉంది,” అన్నాడు.

“వేసవి క్లాసు చెప్పిన మాస్టారు లోపలున్నారా అండీ? మా అన్నయ్య ఇక్కడే చదివాడు, జూన్ నుంచి.”

పెద్దాయన చేతిలో కంచె ముక్క కింద పెట్టి, ఆమెని వింతగా చూశాడు.

“జూన్‌లోనా తల్లీ? మరమ్మతులకని పోయిన క్రిస్మస్‌కి ముందు వేసిన తాళం, ఈ పొద్దునేగా మేం తీసింది!”