ఎనిమిది గులాబీలు

బల్గేరియాలోని ఆ చిన్న పట్నంలో పెళ్ళన్నది జరిగి తొమ్మిదేళ్ళయింది. జంటలన్నీ ఏటా ఫోన్ మీద బొటనవేలు నొక్కి కాపురాన్ని పొడిగించుకుంటున్నాయి. ఈ సాయంత్రంలోగా ఒక్క పెళ్ళయినా కాకపోతే పెళ్ళిళ్ళ హాలు శాశ్వతంగా మూతపడుతుంది. అందుకే హాలు అధికారిణి యోర్దాంక కూతురి కాళ్ళావేళ్ళా పడింది.

"వేలు నొక్కితే అయిపోయేదానికి ఇదంతా ఎందుకమ్మా?" అని విసుక్కుంటూనే కూతురు కలీనా తనతో కాపురముంటున్న స్తోయాన్‌ను వెంటబెట్టుకుని వచ్చింది.

యోర్దాంక సంతోషం పట్టలేక, తన చేత్తో కట్టిన గులాబీల గుత్తి అందించింది. కలీనా లెక్కపెట్టి పాలిపోయింది.

"ఎనిమిదా? సరిసంఖ్య పూలు శవానికి కదమ్మా పెడతారు!"

తొమ్మిదేళ్ళుగా ఆ హాల్లో జరిగినవన్నీ సంతాప సభలే. యోర్దాంక చేతులకు అదే అలవాటైపోయింది.

"ఉండవే తల్లీ, ఒకటి తీసేస్తాను!"

గుత్తి లాక్కుని గబగబా ఒక పువ్వు పీకింది. ముళ్ళు చిక్కుపడి రెండు ఊడివచ్చాయి. తలెత్తేసరికి కలీనా, స్తోయాన్ ఫోన్ల మీద వేళ్ళు నొక్కేసి గుమ్మం దాటుతున్నారు.

మిగిలిన ఆరు పూలనూ యోర్దాంక పెళ్ళిబల్ల మీద పెట్టి, తాళంకప్ప అందుకుంది.