గాలి సందు

"ఇదిగో మీ అమ్మగారి శాలువా." డ్రిల్లు మాస్టారు కోళ్ళ గూటి కప్పు కిందనుంచి ఊలు శాలువాను బరబరా లాగి భార్య చేతిలో పెట్టాడు. "గాలి సందులో ఇలాంటివి కుక్కొద్దని ఆవిడకి చెప్పు."

ఆవిడ అక్కడే, చేతికందేంత దూరంలో, స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని నిలబడి ఉంది.

"కోళ్ళు చలికి వణుకుతుంటే నేను చూస్తూ కూర్చోలేనని చెప్పవే మీ ఆయనకి."

"కూర్చోలేదట" అంది భార్య.

"వినబడింది. గోడలకి పాత తలుపు చెక్కలు కొట్టాను. కింద మందంగా ఎండుగడ్డి పరిచాను. చలిగాలి కోళ్ళకి తగలదు. ఆ పైసందు లోపలి ఆవిరి బయటికి పోవడానికి. అది మూస్తే గూడంతా చెమ్మెక్కుతుంది. చెప్పు."

"నేను నర్సుగా ఉన్నప్పుడు చలికి బిగుసుకుపోయినవాళ్ళని ఎంతమందిని బతికించానో చెప్పు. వాళ్ళలో ఒక్కరికీ నెత్తిమీద కన్నం పెట్టలేదని కూడా చెప్పు."

భార్య శాలువా దులుపుకుంటూ లోపలికి పోయింది.

కొండమీది ఊరు గదా, మర్నాడు పొద్దున్న మాస్టారు మూకుట్లో గడ్డకట్టిన నీళ్ళు పగలగొడుతూ తలెత్తి చూస్తే, సందులో తన బనీను కనబడింది. భార్య కోసం చూశాడు. ఆమె స్నానానికి వెళ్ళింది. బనీను లాగి పట్టుకుని తనే అత్తగారి దగ్గరికి వెళ్ళాడు.

"అత్తయ్యగారూ, ఇది నా బనీను."

"అవునా? మరి పనికిమాలిన గుడ్డలా ఉంటేనూ" అందావిడ.

అక్కడ మొదలైన గొడవ వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి నడిచింది. కోడికి ఈకల కింద చలేస్తుందా వెయ్యదా అన్న దగ్గర ఇద్దరికీ గొంతులు బొంగురుపోయాయి. ఆయన సందు తెరవడం, ఆవిడ మూయడం ఆగలేదు. ఈ లోపల పుంజు తురాయి కొస నల్లబడింది. కూత కాస్తా దగ్గులోకి దిగింది. తెల్లారగట్ల 'కొక్కొరో' అని మొదలుపెట్టి 'కో' అనలేక వదిలేస్తుంటే ఇద్దరూ ఒకేసారి గూటి దగ్గరికి పరిగెత్తారు. పెట్టలన్నిటికీ అదొక్కటే పెద్దదిక్కు.

పుంజును పురిటిబిడ్డలా తువ్వాల్లో చుట్టి అత్తగారు ఎత్తుకుంది. మాస్టారు గొడుగు పట్టాడు. మంచులో నడిచి పశువుల డాక్టరు దగ్గరికి చేరారు.

డాక్టరు తురాయి చూసి, గూటి సంగతులు అడిగి, అన్నాడు: "చలి కంటే చెమ్మ చెడ్డదమ్మా. ఊపిరి ఆవిరి పోయే దారి లేక, ఆ తడే తురాయి మీద గడ్డకడుతోంది. పైసందు తెరిచి ఉంచండి. ఇది బతుకుతుంది."

తిరుగుదారిలో ఇల్లు కనబడుతుండగా అత్తగారు, "సరే, మీ మాటే నెగ్గింది. ఇక ఆ సందు జోలికి వెళ్ళను" అంది. మాస్టారుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది గాని, చంకలో పుంజు ఉన్న మనిషి ముందు బాగుండదని ఊరుకున్నాడు. ఆ సాయంత్రం ఆవిడ పుంజు తురాయికి వ్యాజిలైను రాస్తుంటే, ఆయన దాని కాళ్ళు పట్టుకున్నాడు.

తెల్లారేసరికి సందు మళ్ళీ మూసి ఉంది. ఈసారి మసిగుడ్డ.

"మాట తప్పారు అత్తయ్యగారూ."

"పుంజు మీద ఒట్టు, నేను కాదు."

"అయితే కోళ్ళే కుక్కుకున్నాయంటారా?"

"వాటిని అడగండి. నన్నడిగితే నేను కాదనే చెబుతాను."

ఆ మర్నాడు దిండు గలీబు. ఆ తర్వాత ఒంటికాలి మేజోడు. తిట్టుకోవడానికి ఇద్దరికీ మాటలు అయిపోయాయి. ఇక దొంగను గుడ్డతో సహా పట్టుకోవాలని మాస్టారు నిశ్చయించుకున్నాడు. ఇంకా వెలుగు రాకముందే దుప్పటి కప్పుకుని పెరట్లో కట్టెల మోపు వెనక్కి దూరాడు. కాలికింద ఏదో మెత్తగా తగిలింది.

"నా కాలండీ" అంది ఆ మెత్తటిది గుసగుసగా.

అత్తగారు. చేతిలో టార్చిలైటు, పక్కన ఫ్లాస్కు.

"మిమ్మల్ని పట్టుకుందామని వచ్చాను" అన్నాడు మాస్టారు.

"వస్తారని తెలుసు. నేను కాదని మీ కళ్ళతో మీరే చూడాలని వచ్చాను. కూర్చోండి. టీ పోస్తాను."

చలికి పళ్ళు టకటకలాడుతుంటే ఇద్దరూ ఒకే దుప్పటిని చెరో కొసా లాక్కుని కూర్చున్నారు. ఎర్రపెట్ట అందర్నీ తోసుకుని మధ్యలోనే ఎందుకు పడుకుంటుందో ఆవిడ చెప్పింది. వరసలో నిలబడమంటే బళ్ళో తన పిల్లలూ అంతేనని ఆయన అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. టీ చివరికొచ్చేసరికి, తను ఆ సందు ఇంకాస్త పెద్దదే పెట్టి ఉండాల్సిందని ఆయన, బనీను విషయంలో తను తొందరపడ్డానని ఆవిడ ఒప్పేసుకున్నారు.

అంతలో పెరటి తలుపు కిర్రుమంది.

ఒక ఆకారం స్టూలు పట్టుకుని పిల్లిలా అడుగులేస్తూ వచ్చింది. గూటి పక్కన స్టూలు వేసింది. ఎక్కి, చంకలోంచి తువ్వాలు తీసి, మడిచి, సందులో నింపాదిగా కుక్కింది.

అత్తగారు టార్చి నొక్కింది. వెలుగులో మాస్టారి భార్య.

"నువ్వా?" అన్నారిద్దరూ.

"పుంజు ప్రాణం మీదికొచ్చిందని తెలిసి కూడా ఇదేం పనే?" అంది తల్లి.

"దానికేం కాదు. ఆయన లేచి లాగెయ్యడానికి కాస్త ముందే గదా పెడుతున్నాను."

"అసలు పెట్టడం ఎందుకు?" అన్నాడు మాస్టారు.

భార్య స్టూలు మీదనుంచి ఇద్దర్నీ, ఇద్దరూ కప్పుకున్న దుప్పటినీ చూసింది.

"ఈ సందు మూసి ఉన్నప్పుడే గదా, నన్ను మధ్యలోకి లాగకుండా మీరిద్దరూ నేరుగా తిట్టుకుంటున్నారు."